వినని ఆల్బమ్‌ను పారేసే ముందు ముల్లు మార్చి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు సర్దుకోవడం గురించి పత్రికల్లో వచ్చే సలహాల్లో ఒకటి తరచూ కనిపిస్తుంది: ఏడాదిగా ముట్టని వస్తువును వదిలించుకోండి అని. బట్టలకు ఆ లెక్క సరిపోతుందేమో గానీ పాటల ఆల్బమ్‌లకు సరిపోదు. ఒక ఆల్బమ్‌ను ఏళ్ల తరబడి తీయలేదంటే అది మనకు నచ్చలేదని అనుకుంటాం. చాలాసార్లు సంగతి వేరు. రికార్డు ప్లేయర్‌లో అరిగిన ముల్లో, క్యాసెట్ టేపును చదివే హెడ్డు వంకరో, కంప్యూటర్‌లో తారుమారైన పాటల వరసో ఆ సంగీతాన్ని చెడగొట్టి వినిపించి ఉంటుంది. నేరం మాత్రం పాట మీద పడింది. ముందు యంత్రాన్ని సరిచేసుకుని, పాటల్ని వాటి వరసలో విని, ఆ తర్వాత ఉంచాలో తీసేయాలో తేల్చుకోవాలి. ఆ పని చేసే పద్ధతి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎల్పీ రికార్డులతో మొదలుపెడదాం. 1948లో మార్కెట్లోకి వచ్చిన 12 అంగుళాల ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. తిరిగే వేగం మారదు, కానీ ముల్లు లోపలికి పోయే కొద్దీ చుట్టు చిన్నదవుతుంది. బయటి అంచు దగ్గర సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి సాగిపోతే, ఆ వైపు చివరికి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లే. అంటే అదే సంగీతాన్ని సగం కన్నా తక్కువ జాగాలో ఇరికించాలి. అందుకే ముల్లు కొంచెం అరిగినా, ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ కొంచెం వంకరగా బిగించినా మొదటి పాటలో ఏమీ తెలియదు, చివరి పాటలో మాత్రం బయటపడుతుంది. స, శ, ష లు తుంపర్లు పడుతున్నట్టు వినిపిస్తాయి. గాయని గొంతు పైకెత్తిన ప్రతిచోటా గరగర వస్తుంది. విసుగొచ్చి మూడో పాట కాగానే ముల్లు ఎత్తేస్తాం. ఈ ఇబ్బంది తెలిసినవాళ్లు కాబట్టే ఆల్బమ్ తయారుచేసేవాళ్లు చాలాసార్లు హోరెక్కువ పాటల్ని ముందు పెట్టి నెమ్మది పాటల్ని చివరికి జరిపేవారు. మీ అల్మరాలో మరుగున పడ్డ పాటలు ఎక్కడున్నాయని నన్నడిగితే, ప్రతి వైపు చివరి రెండు పాటల్లో వెతకమంటాను.

వజ్రపు ముల్లుకు తయారీదారులు మామూలుగా 500 నుంచి 1000 గంటల ఆయుష్షు చెబుతారు. ఎప్పుడు మార్చారో గుర్తులేదంటే మార్చాల్సిన వేళ దాటిపోయిందనే లెక్క. కొత్త ముల్లు వేశాక అది రికార్డు మీద మోపే బరువు సరిచూసుకోవాలి. వెనకున్న బరువుబిళ్లను తిప్పుతూ ముల్లును మోసే ఆర్మ్ ఎటూ వాలకుండా గాలిలో నిలిచేలా చేయండి. అక్కడ అంకెల చక్రాన్ని సున్నా దగ్గర పెట్టండి. అప్పుడు బిళ్లనూ చక్రాన్నీ కలిపి తిప్పుతూ కార్ట్రిడ్జ్‌కు రాసిన బరువు దగ్గర ఆపండి. చాలా మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌లకు ఇది ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాముల మధ్య ఉంటుంది. ముల్లు లోపలికి లాక్కుపోకుండా ఆపే యాంటీ-స్కేటింగ్ మీటను కూడా అదే అంకె దగ్గర పెడితే మొదటి విడతకు చాలు. బరువు తగ్గిస్తే రికార్డు అరగదని ఒక నమ్మకం ఉంది, అది తప్పు. చెప్పిన దాని కన్నా తేలికైతే ముల్లు గాడి గోడల్ని పట్టుకోలేక ఎగిరెగిరి పడుతుంది. గోడలు చెక్కుకుపోయేది సరిగ్గా అప్పుడే.

కార్ట్రిడ్జ్ వంకర సరిచేయడానికి అచ్చువేసిన కాగితపు కొలత దొరుకుతుంది. దాని మీద రెండు చుక్కలుంటాయి. బాగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం అవి ఇరుసు మధ్య నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, 120.9 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. ముల్లు ఆ రెండు చుక్కల మీదా నిలిచినప్పుడు కార్ట్రిడ్జ్ పక్కలు కాగితం మీది గీతలకు సమాంతరంగా కనిపించాలి. ఒకచోట కుదిరి రెండోచోట కుదరకపోతే స్క్రూలు వదులుచేసి మళ్లీ జరపాలి. విసుగు పుట్టించే పనే. కానీ చివరి పాటల్ని బాగుచేయడంలో కొత్త ముల్లు తర్వాతి స్థానం దీనిదే. కాగితాన్ని అచ్చు తీసుకుంటే ముందు దాని మీది స్కేలు గీతను రూళ్లకర్రతో కొలిచి చూడండి. ప్రింటర్ ‘పేజీకి సరిపోయేలా’ కుదించి ఉంటే కొలతంతా వృథా.

వేగం చూడటానికి యంత్రం అక్కర్లేదు. పళ్లెం అంచు బయటికి కనిపించేలా ఒక కాగితపు ముక్క అంటించి, ముల్లు రికార్డు మీద ఉండగానే మూడు నిమిషాల పాటు చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా 100 రావాలి. 106 వస్తే పాట దాదాపు ఒక స్వరస్థానం పైకి పోయినట్టు, గొంతులన్నీ సన్నబడి వినిపిస్తాయి. 94 వస్తే అంతే కిందికి జారినట్టు. ‘ఈ ఆల్బమ్ ఎందుకో నీరసంగా ఉంటుంది’ అనిపించే రికార్డుల్లో కొన్ని ఈ పరీక్షతో బతికిపోతాయి. బెల్టు వదులైతే వేగం తగ్గడమే కాదు, ఊగిసలాడుతుంది కూడా. సాగదీసిన వయొలిన్ నాదంలో అది ఇట్టే దొరుకుతుంది.

కడగడం సంగతి. డిస్టిల్డ్ వాటర్, లీటరుకు ఒకటి రెండు చుక్కల రంగూ వాసనా లేని సబ్బు ద్రవం, మెత్తటి బ్రష్షు. గాడుల వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. మధ్యనున్న లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి నిలబెట్టి ఆరబెట్టండి. ఈ రెండో కడుగు మానేస్తే సబ్బు గాడిలోనే ఎండి ముల్లుకు పేరుకుంటుంది. ‘కడిగాక ఇంకా పాడైంది’ అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ఇదే. 78 చుట్ల పాత రికార్డులుంటే వాటికి ఆల్కహాల్ తగలనివ్వకండి. వాటిలో చాలావరకు లక్కతో చేసినవి, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. వాటి గాడి కూడా వెడల్పు. ఎల్పీ ముల్లు కొన 18 నుంచి 25 మైక్రాన్లుంటే వీటికి 75 మైక్రాన్ల దాకా కావాలి. సన్న ముల్లు పెడితే అది గాడి అడుగున దొర్లుతూ పాట కన్నా దుమ్మును ఎక్కువ వినిపిస్తుంది.

ఇక క్యాసెట్లు. అన్యాయంగా మూలపడ్డవి వీటిలోనే ఎక్కువ. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ క్యాసెట్‌లో టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. స్టీరియోలో ఒక్కో ట్రాక్ వెడల్పు 0.6 మిల్లీమీటర్లు మాత్రమే. అంత సన్నటి ట్రాక్‌ను అంత నిదానంగా చదివే యంత్రంలో హెడ్డు వెంట్రుకవాసి వంగినా మొదట పోయేవి పై స్వరాలు. తాళాల గలగల, తంబుర జీరు, హల్లుల అంచు మాయమై పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. జనం దాన్ని ‘క్యాసెట్ పాతబడిపోయింది’ అంటారు. టేపు నిజంగా చెడిపోయి ఉండొచ్చు కూడా. కానీ ఆ మాట అనే ముందు చూడాల్సినవి నాలుగున్నాయి.

హెడ్డు మురికి. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, పిండి, హెడ్డునూ పక్కనున్న సన్నటి ఇనుప ఇరుసునూ తుడవండి. పుల్ల గోధుమరంగు తేలడం ఆగేదాకా మార్చి మార్చి తుడవాలి. నల్ల రబ్బరు చక్రానికి మాత్రం ఆల్కహాల్ పదేపదే వాడితే రబ్బరు ఎండి గట్టిపడుతుంది, దానికి తడి గుడ్డ చాలు.

తర్వాత నొక్కుడు ప్యాడ్. క్యాసెట్ నోటి దగ్గర మధ్యలో చిన్న రాగి రేకు మీద గోరంత ఉన్ని ముక్క ఉంటుంది. టేపును హెడ్డుకు అదిమి పట్టేది అదే. దాని జిగురు ఏళ్లకు ఎండి ముక్క రాలిపోతుంది. అప్పుడు ఒక చానల్ వచ్చీపోతూ ఉంటుంది, శబ్దం మందగిస్తుంది. చవకగా మరో క్యాసెట్ నుంచి రేకుతో సహా తీసి ఇందులో పెట్టొచ్చు. ఐదు స్క్రూల డబ్బా అయితే తేలిక. అతికించేసిన డబ్బా అయితే అంచు వెంట జాగ్రత్తగా విడదీసి, రెండు చక్రాల్నీ టేపుతో సహా స్క్రూల డబ్బాలోకి మార్చడమే దారి. విప్పేటప్పుడు డబ్బాను బల్ల మీద పడుకోబెట్టండి, నిలబెట్టి విప్పితే టేపు చుట్ట మధ్యలోంచి ఊడి దిగుతుంది.

మూడోది హెడ్డు వాలు. హెడ్డుకు ఒక పక్క స్ప్రింగు మీద చిన్న స్క్రూ ఉంటుంది. ముందు దాని మొదటి స్థానాన్ని మార్కర్‌తో గుర్తుపెట్టుకోండి. రెండు చానళ్లనూ కలిపి మోనోలో వింటూ అటూ ఇటూ పావు చుట్టులోపే తిప్పండి. ఒకచోట పై స్వరాలు తెర తీసినట్టు విచ్చుకుంటాయి, అక్కడ ఆపాలి. స్టీరియోలో వింటే ఆ చోటు అంత స్పష్టంగా తెలియదు. మోనోలో కలిపినప్పుడు రెండు ట్రాకుల మధ్య కాలభేదం పై స్వరాల్ని ఒకదాంతో ఒకటి కొట్టేయిస్తుంది కాబట్టి తేడా పెద్దదై కనిపిస్తుంది. కంపెనీ క్యాసెట్లు చాలావరకు ఒకే వాలుకు కుదురుతాయి. ఇంట్లో రికార్డు చేసినవి ఆ రోజు వాడిన యంత్రం వాలులో ఉంటాయి, ఒక్కోదానికీ విడిగా తిప్పుకోవాల్సిందే. పని అయ్యాక గుర్తు దగ్గరికి తెచ్చి వదిలేయండి.

చివరిది మీటల పొరపాటు. డాల్బీ అంటే టేపు బుసను తగ్గించే ఏర్పాటు. డాల్బీ లేకుండా రికార్డు చేసిన క్యాసెట్‌ను డాల్బీ ఆన్‌లో వింటే మసక. డాల్బీతో చేసినదాన్ని అది లేకుండా వింటే బుస ఎక్కువై మోతగా ఉంటుంది. డబ్బా మీద గుర్తు చూసి మీట పెట్టండి, గుర్తు లేకపోతే రెండు విధాలా పది సెకన్లు వినండి.

ఏళ్లుగా కదలని క్యాసెట్‌ను వెంటనే ప్లే చేయకండి. ఒకసారి ముందుకు చివరిదాకా, మళ్లీ వెనక్కి చుట్టండి. పొరలు ఒకదానికొకటి అంటుకున్న చోట విడిపోతాయి, బిగువు సమానమవుతుంది. ఒక పొరలోని అయస్కాంతపు ముద్ర పక్క పొర మీద పడి పాట మొదలవక ముందే పీలగా వినిపించే ముందు-ప్రతిధ్వని కూడా కాస్త తగ్గుతుంది. రెండు వైపులా కలిపి 120 నిమిషాలు నడిచే క్యాసెట్లతో మరింత జాగ్రత్త. వాటి టేపు మందం 9 మైక్రాన్లే, 60 నిమిషాల వాటిలో సగం. వేగంగా చుట్టే యంత్రంలో వేస్తే సాగిపోతుంది, పెన్సిలుతో చేత్తో తిప్పడం మేలు. తెగితే సెల్లోటేపు అతికించకండి. దాని జిగురు పక్కలకు కారి పై పొరను అంటుకుంటుంది. టేపు అతుకుల కోసమే చేసిన పట్టీ దొరుకుతుంది. రెండు కొసలనూ ఏటవాలుగా కత్తిరించి, హెడ్డుకు తగలని వైపు దాన్ని అంటించాలి.

సీడీల గురించి ఒక అపోహ పోవాలి. అద్దంలా మెరిసే కింది వైపు గీతలు చూసి కంగారుపడతాం, బొమ్మ ఉన్న పై వైపును బల్ల మీద రుద్దుతాం. పాట ఉన్నది పై వైపు పక్కనే. 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మీద పల్చటి అల్యూమినియం పూత, దాని మీద వార్నిషు, దాని మీద అచ్చు, అంతే. కింది గీతను పాలిష్ చేయొచ్చు. పై గీత పూతను తాకిందంటే ఆ చోటు పోయినట్టే. దీపానికి ఎదురుగా పట్టుకుంటే సూదిబెజ్జాల్లా వెలుగు కనిపిస్తుంది. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. ట్రాక్‌కు అడ్డంగా పడిన సన్న గీతను ప్లేయర్‌లోని దిద్దుబాటు లెక్కలు సర్దుకుంటాయి. ట్రాక్ వెంట రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా అవి పూర్తిగా పూరించగలవు, గుండ్రంగా పొడుగాటి గీత పడితే చేతులెత్తేస్తాయి. ఇంట్లో రాసిన సీడీలు రంగుపొర మీద ఆధారపడతాయి, ఎండకు ఆ రంగు చెడుతుంది. అందుకని కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో మొదటి వరస వాటిదే కావాలి, కంపెనీ సీడీలు ఆగగలవు. ఎక్కించేటప్పుడు ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రామ్‌తో, చదివినదాన్ని మళ్లీ సరిపోల్చే పద్ధతిలో తీసి, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లుగా దాచండి. సీడీలో నిమిషం పాట పది మెగాబైట్ల పైచిలుకు. ఫ్లాక్‌లో అది సుమారు సగానికి దిగుతుంది, ఒక్క బిట్టూ పోదు.

అసలు పెద్ద అల్మరా ఇప్పుడు కంప్యూటర్‌లో ఉంది. అక్కడ దుమ్ము పట్టదు గానీ పాటలు మరింత తేలిగ్గా తప్పిపోతాయి. ట్రాక్ నంబరు నింపకపోతే ప్లేయర్ అక్షరక్రమంలో వాయిస్తుంది. ఫైలు పేర్లలో 1, 2 అని రాసి వదిలేస్తే చాలా యంత్రాలు ఒకటి తర్వాత పది, పదకొండు వాయించి అప్పుడు రెండుకొస్తాయి. 01, 02 అని రాయాలి. రెండు డిస్కుల ఆల్బమ్‌కు డిస్కు నంబరు లేకపోతే రెండు మొదటి పాటలు, రెండు రెండో పాటలు జంటలుగా వస్తాయి. మెల్లగా మొదలై కట్టలు తెంచుకునేలా అల్లిన ఆల్బమ్ ఇలా కలగాపులగమైతే, దాన్ని ‘పొందిక లేనిది’ అని పక్కన పెట్టడంలో వినేవాడి తప్పేముంది? పలువురు గాయకుల ఆల్బమ్‌కు ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడి నింపకపోతే అది పన్నెండు ముక్కలై పన్నెండు పేర్ల కింద చెదిరిపోతుంది. ఒకే గాయకుడి పేరు రెండు స్పెల్లింగులతో ఉంటే సగం ఆల్బమ్‌లు ఒకచోట, సగం మరోచోట. ముందు కళాకారుల జాబితా మొత్తం ఒకసారి పై నుంచి కిందికి చదవండి. ఒకే ఒక్క పాట ఉన్న పేర్లన్నీ అనుమానించదగ్గవే. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఈ గడుల్ని నింపిపెడతాయి గానీ కళ్లు మూసుకుని ‘సేవ్’ నొక్కొద్దు. అవి ఒక్కోసారి మీ ఆల్బమ్‌ను తర్వాతెప్పుడో వచ్చిన మరో ముద్రణగా పోల్చుకుంటాయి.

శబ్దం హెచ్చుతగ్గులు మరో మోసం. 1980ల సీడీలు చాలావరకు తక్కువ మట్టంలో, తర్వాతి రీమాస్టర్లు (పాత రికార్డింగునే మళ్లీ సరిచేసి తెచ్చిన ముద్రణలు) చాలా గట్టిగా ముద్రించారు. రెండూ కలిపి షఫుల్‌లో వింటే పాతది నీరసంగా తోస్తుంది. వేలు తెలియకుండానే తర్వాతి పాటకు పోతుంది. పాటల మట్టాన్ని సమానం చేసే రీప్లేగెయిన్ లెక్క ప్లేయర్‌తో వేయించండి. అందులో ట్రాక్ విధానం, ఆల్బమ్ విధానం అని రెండున్నాయి. ఆల్బమ్‌గా వినేటప్పుడు రెండోదే పెట్టాలి, లేకపోతే మెల్లని పాటను కూడా గట్టిపాటంత పెద్దది చేస్తుంది. మట్టం సమానం చేశాక పాత ముద్రణల్లోని మృదంగం, డ్రమ్ము దెబ్బల పదును చాలాసార్లు కొత్తవాటి కన్నా బాగుంటుంది. ఇది నా అభిప్రాయమే, విని మీరే తేల్చుకోండి. ఒకదాన్నొకటి ఆనుకుని సాగే కచేరీ ఆల్బమ్‌లు ఎంపీ3లో ఉంటే ‘గ్యాప్‌లెస్’ ఆన్ చేయండి. ఎంపీ3 పాటను సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా దాస్తుంది. పాట చివర ముక్క నిండకపోతే ఖాళీతో నింపుతుంది. రెండు పాటల మధ్య చప్పట్లలో వచ్చే ఎక్కిలి అదే.

ఎంపిక ఎలా? కంప్యూటర్‌లో ‘ప్లే కౌంట్ సున్నా, చేర్చి రెండేళ్లు దాటింది’ అనే షరతులతో ఆటోమేటిక్ ప్లేలిస్ట్ కట్టుకోండి. మ్యూజిక్‌బీ వంటి ప్లేయర్లలో ఇది నిమిషం పని. ఆ జాబితా మొత్తాన్ని ఒకేసారి వినాలనుకోకండి, వారానికి ఒకటే. అల్మరాకు ఇంకా తేలిక: విన్న ఆల్బమ్‌ను ఎక్కడి నుంచి తీసినా తిరిగి ఎడమ కొసనే పెట్టండి. కొన్ని నెలలకు ముట్టనివన్నీ కుడి కొసకు వాటంతటవే చేరతాయి. అక్షరక్రమం చెదరకూడదనుకునేవాళ్లు విన్నదాని అట్టలో తేదీ రాసిన కాగితం పెట్టుకోవచ్చు.

వినడం మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో. మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా, ఆపకుండా. రెండోసారి రెండో వైపు నుంచి. మన చెవి మొదటి నాలుగు పాటల మీదే ఓపిక ఖర్చుపెడుతుంది కాబట్టి ఈ తిరగేత ముఖ్యం. మూడోసారి అట్ట మీది వివరాలు చదువుతూ. ఎవరు ఏ వాద్యం వాయించారో తెలిశాక వినపడేది మారుతుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. 200 హెర్ట్జ్ కన్నా కింది మంద్ర స్వరాలు అందులో దాదాపు పలకవు, బేస్ గిటారు మీద నడిచే పాటలో సగం పాటే లేనట్టు. మరీ చిన్న శబ్దంలో విన్నా చెవి కింది స్వరాల్ని ముందు పోగొట్టుకుంటుంది.

నోటుపుస్తకంలో ‘బాగుంది’ అని రాస్తే పనికిరాదు. ‘రెండో వైపు, మూడో పాట, రెండో చరణం తర్వాత ఫ్లూటు’ అని రాయండి. పదేపదే వింటే దేనిమీదైనా కొంత ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయంట్స్ (Zajonc) 1968లోనే చూపించారు. కాబట్టి మూడోసారి నచ్చినంత మాత్రాన నమ్మొద్దు. నెల ఆగి ఆ నోటు చదవండి. రాసిన చోటు మనసులో పలికితే ఆల్బమ్ ఉంటుంది. పలకకపోతే దాన్ని వినేవాళ్లెవరికైనా ఇచ్చేయండి. ఇచ్చే ముందు రికార్డుకు పీవీసీ తొడుగు ఉంటే తీసి కాగితపు తొడుగులో పెట్టండి, ఆ ప్లాస్టిక్ ఏళ్లకు రికార్డు మీద మసక పొర దింపుతుంది. ఏ పాటలో గీత ఉందో అట్ట లోపల పెన్సిలుతో రాసి ఇస్తే పుచ్చుకునేవాళ్లు తమ ప్లేయర్‌ను అనుమానించకుండా ఉంటారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు